బి సెక్షన్‌కు ఏమీ చెప్పరాదు

గుండ్లవారిపల్లి ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతి బి సెక్షన్‌కు ఇకమీదట ఏమీ నేర్పకూడదని ఉత్తర్వు వచ్చే వేళకు కుళ్లాయప్ప సారు అదే సెక్షన్‌లో భాగహారం చెప్తున్నాడు. నూట యాభైని పన్నెండుతో భాగిస్తూ శేషం దగ్గరికి వచ్చాడు. హెడ్మాస్టరు తిప్పేస్వామి కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"ఆపప్పా, ఆపు! ఆ శేషం రాయొద్దు!"

"ఇంకొక్క అంకె సార్."

"ఆ ఒక్క అంకెకే మనిద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఉత్తర్వు పది గంటల నుంచి అమల్లో ఉండాది. ఇప్పుడు పదీ నాలుగు."

కుళ్లాయప్ప సుద్దముక్క కింద పెట్టాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన శేషం రాయకుండా వదిలేసిన లెక్క అదొక్కటే.

ఈ ఉత్తర్వు వెనక ఫిలిప్పీన్స్ దేశం ఉంది. ఆ దేశం తప్పు మాత్రం ఇందులో ఏమీ లేదు. అది దీవుల దేశం. బడులు మూతపడిన కాలంలో అక్కడి టీచర్లు పాఠాలను చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చువేసి, ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి పిల్లల ఇళ్లకు పంపారు. పిల్లలు ఇంట్లోనే చదివి జవాబులు రాసి తిరిగి పంపారు. ఏది పనిచేసింది, ఏది చేయలేదు అని ఆ టీచర్లే కూర్చుని పరిశోధనలు రాసుకున్నారు. అంతవరకు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

దూరబోధనా పరిశోధన సంస్థ సంచాలకులు డాక్టర్ చిదంబరరావు గారు పన్నెండు రోజుల అధ్యయన యాత్రకు అక్కడికి వెళ్లడంతో ఇబ్బంది మొదలైంది. ఆయన వస్తూ వస్తూ ఒక పరిశోధన గ్రంథం, రెండు పొట్లాల ఎండు మామిడి ముక్కలు తెచ్చారు. మామిడి ముక్కలు ఆఫీసులో పంచారు. పరిశోధన మాత్రం గుండ్లవారిపల్లికి వచ్చింది.

నాలుగో తరగతిలో యాభై ఆరు మంది. వాళ్లను చెరి సగం చేశారు. ఎ సెక్షన్ పిల్లలు ఇళ్లలోనే ఉండాలి. సోమవారం వాళ్లకు సంచులు పోతాయి, శుక్రవారం తిరిగి వస్తాయి. బి సెక్షన్ పిల్లలు ఎప్పటిలాగే బడికి వచ్చి కుళ్లాయప్ప దగ్గర చదువుకోవాలి. వీళ్లను వాళ్లతో పోల్చి చూడాలి. పరిశోధన భాషలో బి సెక్షన్ పేరు 'నియంత్రిత వర్గం'.

మూడు నెలలకు మార్కులు తీస్తే ఎ సెక్షన్‌కు సగటున పందొమ్మిది, బి సెక్షన్‌కు డెబ్బై ఒకటి వచ్చాయి. చిదంబరరావు గారు స్వయంగా జీపు దిగి, హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని, మార్కుల పట్టీ వంక చాలాసేపు చూశారు.

"తిప్పేస్వామి గారూ, ఇది తీవ్రమైన క్రమశిక్షణా లోపం. నియంత్రిత వర్గం నియంత్రణలో లేదు. ప్రయోగాత్మక వర్గాన్ని అధిగమించింది. దీనికి హేతువేమిటో అన్వేషించారా?"

"కుళ్లాయప్ప బాగా చెప్తాడండీ," అన్నాడు తిప్పేస్వామి.

"అదే! బాహ్య ప్రభావం!" అని ఆయన బల్ల మీద చరిచారు. "బోధకుడి రూపంలో బాహ్య ప్రభావం చొరబడి దత్తాంశాన్ని కలుషితం చేస్తోంది. తక్షణం నిర్మూలించాలి."

అలా పుట్టింది ఆ ఉత్తర్వు. కుళ్లాయప్పను బదిలీ చేయడానికి వీల్లేదు, మధ్యలో మనిషి మారితే పరిశోధన చెడుతుంది. కాబట్టి ఆయన రోజూ రావాలి, తరగతిలో కూర్చోవాలి, ఏమీ చెప్పకూడదు. పిల్లలు రోజూ రావాలి, కూర్చోవాలి, ఏమీ నేర్చుకోకూడదు. ప్రతి శనివారం 'అభ్యసన శూన్యతా ధ్రువీకరణ పత్రం' మీద సారు సంతకం చేయాలి. "ఈ వారం నా తరగతి గదిలో ఎవరూ ఏమీ నేర్చుకోలేదని మనఃపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాను" అని అందులో అచ్చువేసి ఉంది. చివర చిన్న అక్షరాల్లో మరో వాక్యం ఉంది: "నియంత్రిత వర్గంలో ఎవరికైనా బోధన జరిగినట్లు రుజువైతే ఆ వర్గపు ఆ సంవత్సరపు సమస్త పరీక్షా ఫలితాలు, ప్రవేశ పరీక్షలతో సహా, రద్దగును."

కుళ్లాయప్ప ఆ వాక్యం కింద గీత గీశాడు. ఎందుకంటే ఏప్రిల్లో గురుకులం ప్రవేశ పరీక్ష ఉంది.

ఆ సాయంత్రమే నాగలక్ష్మి బడికి వచ్చింది. ఆమెకు కవల పిల్లలు. ఒకామె చిత్రావతి, ఇంకొకామె వేదవతి. రెండూ ఆ జిల్లా ఏర్ల పేర్లే. ఏర్లలో నీళ్లు లేకపోయినా పేర్లు బాగుంటాయని పెట్టుకున్నారు. సెక్షన్లు విడదీసినప్పుడు చిత్రావతి బి లోకి, వేదవతి ఎ లోకి పోయారు. నాగలక్ష్మి ఏటా వేరుశనగ పీకినాక భర్తతో కలిసి బెంగళూరు కట్టడం పనులకు పోతుంది. ఈసారి పిల్లలకు ఇంటి దగ్గర దిక్కులేదు, వాళ్లను చూసుకునే అవ్వ చనిపోయింది. అందుకని ఏప్రిల్ పరీక్ష దాకా పయనం ఆపుకుంది.

"సార్, గురుకులంలో సీటొస్తే పిల్లోల్లు ఆడే ఉండి సదువుకుంటారు. రాకుంటే నా యెంట ఇటుకలు మోసేకి రావాల్సిందే," అంది. "అదీ ఇద్దరికీ రావల్ల సార్. ఒగదానికొచ్చి ఒగదానికి రాకపోతే ఎట్ల సేసేది? ఇద్దరూ ఒగే కంచంలో తినేటోల్లు. యాదవతికేమో సంచులొస్తాండాయి. సిత్రావతికి మీరేమీ సెప్పరంట గదా?"

"చెప్పకూడదంటమ్మా."

"ఎవురన్నారు?"

"పరిశోధన."

"యా వూరామె సార్ ఆమె?" అని అడిగింది నాగలక్ష్మి.

మొదటి వారం కుళ్లాయప్పకు నరకం. ఆయన నోరు తెరిస్తే పాఠమే వస్తుంది. కిటికీలోంచి కాకి కనిపిస్తే పిల్లలకు చూపించబోయి, నాలుక కరుచుకునేవాడు. మంచినీళ్లు తాగుతూ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడగబోయి పొలమారి దగ్గేవాడు. పిల్లలు మాత్రం రోజూ నల్లబల్ల మీద మిగిలిపోయిన లెక్క వంకే చూసేవాళ్లు. రెండో వారం చిదంబరరావు గారు తనిఖీకి వచ్చి, బల్ల మీద లెక్క ఉన్నందుకు మెమో ఇచ్చి, బల్లనే ఊడబీకించారు. తర్వాత చిత్రావతిని నిలబెట్టారు.

"ఐదార్లెంత?"

"ముప్పై సార్!"

చిదంబరరావు గారు మెమో పుస్తకం మళ్లీ తీశారు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవురూ సెప్పల్యా సార్. మధ్యాన్నం బువ్వకు గుడ్ల అట్ట వస్తాది గదా. ఆ పక్క ఐదు, ఈ పక్క ఆరు. ఎంచుకున్నా."

ఆ రాత్రికి రాత్రే ఉత్తర్వు తయారైంది. మధ్యాహ్న భోజనానికి గుడ్లను వరసలు ఏర్పడే విధంగా అట్టల్లో తేరాదు, గోతాంలో కలగలిపి తేవాలి. మరుసటి రోజు నుంచి బడికి గోతాం వచ్చేది. దాన్ని విప్పితే లోపల గుడ్లు ఉండేవి కావు, గుడ్ల సొన ఉండేది. పిల్లలకు వారంలో ఐదు రోజులూ ఆమ్లెట్టే. ఈ ఒక్క సంస్కరణకు మాత్రం బి సెక్షన్ అంతా సంతోషించింది.

ఆ తర్వాత తనిఖీ బృందం జ్ఞానం ఎక్కడెక్కడి నుంచి కారుతోందో వెతికింది. గోడ గడియారం తీసేశారు. క్యాలెండరు తీసేశారు. బడి ముందు కిరాణా కొట్టు బోర్డుకు సున్నం కొట్టించారు. ఎర్ర బస్సు బడి ముందు ఆగేటప్పుడు ఊరి పేరు కనబడకుండా కండక్టరు బోర్డు మీద తువ్వాలు కప్పాలన్నారు. వారం తిరిగేసరికి కదిరి పోవాల్సిన నలుగురు హిందూపురంలో దిగారు.

కవలల సంగతి తెలిసి చిదంబరరావు గారు పరవశించిపోయారు. "ఒకే గర్భం, ఒకే గృహం, ఒకే ఆహారం! ఇంతకన్నా ఆదర్శవంతమైన నమూనా ప్రపంచంలో మరెక్కడ లభ్యమవుతుంది?" అన్నారు. కాకపోతే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి విషయ పరిజ్ఞానం సంక్రమించే ప్రమాదం ఉంది కాబట్టి, ఇద్దరి మధ్యా తెర కట్టమని నాగలక్ష్మికి నోటీసు ఇచ్చారు. నాగలక్ష్మి పాత చీర అడ్డంగా కట్టింది. పిల్లలిద్దరూ చీరకు అటొకరు ఇటొకరు పడుకుని, కింద నుంచి చేతులు పట్టుకుని నిద్రపోయేవాళ్లు. నోటీసులో చేతుల సంగతి లేదు.

ఇక ఎ సెక్షన్ అవస్థ వేరు. సంచుల్లో వచ్చే పాఠాలు ఫిలిప్పీన్స్ నుంచి ఉన్నవి ఉన్నట్లు తెలుగులోకి దించినవి. "జువాన్ పడవలో నూట యాభై కొబ్బరికాయలతో బయలుదేరాడు. పన్నెండు దీవులకు సమానంగా పంచాడు. తుఫాను మూడో హెచ్చరిక వచ్చింది. పడవలో మిగిలినవి ఎన్ని?" అని ఉండేది. ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. పిల్లలు తల్లులను అడిగేవాళ్లు. తల్లులు సంచి పక్కన పెట్టి పొలం పోయేవాళ్లు.

పరిశోధన జరుగుతున్న బడి కాబట్టి అసలు గ్రంథం ఒక ప్రతిని హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. చేసే పని లేక కుళ్లాయప్ప దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని, తరగతిలో కూర్చుని, రోజుకు నాలుగు పేజీల చొప్పున చదివాడు. మొత్తం నూట తొంభై పేజీలు. తెలుగులోకి దించినవి మొదటి నలభై. చిట్టచివరి పేజీలో, చిన్న దీవిలో పనిచేసే ఒక టీచరమ్మ రాసిన నాలుగు వాక్యాలు ఉన్నాయి. సంచులు ఊరికే పంపితే పని కాలేదట. ఆమె ప్రతి శుక్రవారం పడవెక్కి ఇల్లిల్లూ తిరిగిందట. పిల్లల తల్లులను కూర్చోబెట్టి ముందు వాళ్లకు పాఠం చెప్పిందట. తల్లికి వచ్చింది పిల్లకు వచ్చిందట.

కుళ్లాయప్ప ఆ పేజీ మూడుసార్లు చదివాడు. ఎవరో, ఎక్కడో, సముద్రం నడుమ తనలాంటి మనిషి ఒకామె ఉందని తెలిసి ఆయనకు కళ్లు చెమర్చాయి. తర్వాత లేచి, తిప్పేస్వామి గదికి పోయాడు.

"సార్, బి సెక్షన్ పిల్లలకు చెప్పకూడదనే గదా ఉత్తర్వు?"

"అవునప్పా."

"ఎ సెక్షన్ తల్లులకు చెప్పకూడదని ఎక్కడన్నా ఉండాదా?"

తిప్పేస్వామి ఫైలు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. ఆయన ముఖం మెల్లగా వికసించింది. "ల్యా," అన్నాడు. "పైగా తల్లుల భాగస్వామ్యం పెంచాలని పోయినేటి సర్క్యులర్ ఒకటి ఉండాది."

"కూర్చునేకి వరండా తప్ప చోటు లేదు సార్."

"వరండాలోకి బి సెక్షన్ కిటికీ ఉంది గదప్పా."

"కిటికీ మూయమని ఉత్తర్వు ఉండాదా?"

"ల్యా," అన్నాడు తిప్పేస్వామి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా టీ తాగారు.

మొదటి రోజు పదకొండు మంది తల్లులు వచ్చారు. నాగలక్ష్మి ముందు వరసలో కూర్చుంది. ఊడబీకిన నల్లబల్లను కుళ్లాయప్ప వరండా గోడకు ఆనించాడు.

"దీవి అంటే ఏంది సార్?" అని మొదలుపెట్టింది నాగలక్ష్మి.

"చుట్టూ నీళ్లుండే ఊరమ్మా."

"సుట్టూ నీళ్లేనా!" అని తల్లులంతా నోళ్లు వెళ్లబెట్టారు. "ఏం పున్నెం సేసుకున్నారో సార్ ఆ జనం!"

"అట్లాంటి పన్నెండు ఊర్లకు నూట యాభై టెంకాయలు పంచాల. ఒక్కో ఊరికి పన్నెండు. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు. మరి పడవలో మిగిలిందెంత?"

తల్లులు వేళ్లు మడుస్తున్నారు. ఇంతలో కిటికీ లోపలి నుంచి ఇరవై ఎనిమిది గొంతులు ఒక్కసారిగా అన్నాయి, "ఆరు!"

మూడు నెలల నుంచి ఆగిపోయిన శేషం అది. కుళ్లాయప్ప కిటికీ వైపు తిరగలేదు. "ఎవరో తల్లి సరిగ్గా చెప్పింది," అని మాత్రం గట్టిగా అన్నాడు. శనివారం ధ్రువీకరణ పత్రం మీద సంతకం చేసేటప్పుడు, నేను తల్లులకే చెప్పాను, పిల్లలకు చెప్పలేదు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. సంతకం కొంచెం వంకర వచ్చింది.

నెల తిరిగేసరికి వరండాలో చోటు చాలలేదు. తల్లులు ఇంటికి పోయి ఎ సెక్షన్ పిల్లలకు చెప్పేవాళ్లు. శుక్రవారం సంచులు నిండుగా తిరిగి వచ్చేవి. వరండాలో ఎంత గట్టిగా చెప్తే కిటికీ లోపల అంత నిశ్శబ్దంగా ఉండేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం బి సెక్షన్ పిల్లలు సొన గోతాం చూసి, ఇందులో ఎన్ని గుడ్లు పగిలి ఉంటాయో పెంకులు ఎంచి చెప్పేవాళ్లు.

ఆ సమయంలోనే చిదంబరరావు గారు చెప్పాపెట్టకుండా దిగారు. జీపు చప్పుడు వినేసరికి కుళ్లాయప్ప సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. వరండాలో పాతిక మంది తల్లులు, గోడకు బల్ల, బల్ల మీద భిన్నాలు. పారిపోవడానికి దారి లేదు. ఆయన మనసులో ఒక్కటే మాట మెదిలింది: ఫలితాలు రద్దగును.

"ఆహా! తల్లుల భాగస్వామ్యం!" అన్నారు చిదంబరరావు గారు చేతులు జోడించి. "ప్రయోగాత్మక వర్గపు గృహ వాతావరణం ఎంతగా పరిపుష్టమైంది! మరి నియంత్రిత వర్గపు స్థితి ఏమిటి?"

గదిలోకి నడిచారు. ఇరవై ఎనిమిది మంది పిల్లలు నోళ్లు మూసుకుని పైకప్పు చూస్తున్నారు. ఆయన చిత్రావతిని గుర్తుపట్టారు.

"ఐదార్లెంత?"

చిత్రావతి పైకప్పు నుంచి చూపు దించకుండా అంది, "తెల్దు సార్."

"రెండ్రెళ్లు?"

"తెల్దు సార్."

"ఇది ఏ ఊరు?"

"తెల్దు సార్."

"నీ పేరేమిటి?"

"తెల్దు సార్."

చిదంబరరావు గారు పిల్ల తల నిమిరారు. ఫారంలో 'ఆశించిన దానికన్నా మెరుగైన ఫలితం' అని రాసుకున్నారు. ఆ పిల్ల అంత పెద్ద అబద్ధాన్ని అంత తడుముకోకుండా చెప్పవలసి వచ్చినందుకు కుళ్లాయప్పకు సిగ్గేసింది. అంతలోనే చిత్రావతి ఆయన వైపు చూసి ఒక కన్ను కొట్టింది. ఆయనకు నవ్వు ఆగక, దగ్గు వచ్చినట్లు నటిస్తూ బయటికి పోయాడు.

ఏప్రిల్లో పరీక్షలయ్యాయి. ఫలితాలు వచ్చాయి. ఎ సెక్షన్ సగటు తొంభై. బి సెక్షన్ సగటు తొంభై రెండు. గురుకులం ప్రవేశ పరీక్షలో ఆ ఊరికి పదకొండు సీట్లు వచ్చాయి. అందులో ఒకటి చిత్రావతిది, ఒకటి వేదవతిది.

పదిరోజుల్లో బడి ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. చిదంబరరావు గారు మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! సంచులు, ముద్రణ, రవాణా, ఇంత శ్రమకు ఓర్చిన ప్రయోగాత్మక వర్గం సాధించింది తొంభై. ఏ విధమైన బోధనా లేకుండా, కేవలం కూర్చుని ఉన్న నియంత్రిత వర్గం సాధించింది తొంభై రెండు! ముప్పై రెండు ధ్రువీకరణ పత్రాలు దీనికి సాక్ష్యం. అభ్యసనానికి ప్రధాన అవరోధం బోధనే అని శాస్త్రీయంగా నిరూపితమైంది. వచ్చే విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రమంతటా శూన్య బోధనా విధానం అమలవుతుంది!"

రాష్ట్రమంతటా ఎన్ని లక్షల మంది పిల్లలు! నిజం చెప్పేద్దామని కుళ్లాయప్ప కుర్చీలోంచి సగం లేచాడు. అప్పుడు షామియానా చివర నాగలక్ష్మి కనిపించింది. అటొక పిల్ల, ఇటొక పిల్ల, ఇద్దరి చేతుల్లోనూ గురుకులం కాగితాలు. ముగ్గురూ ఆయననే చూస్తున్నారు. నోరు విప్పితే ఆ రెండు కాగితాల్లో ఒకటి చిరిగిపోతుంది. ఆయన సగం లేచినవాడు లేచినట్లే ఉండిపోయాడు. సన్మానానికే లేచాడనుకుని చిదంబరరావు గారు శాలువా కప్పేశారు.

"ఉత్తమ అబోధకుడు శ్రీ కుళ్లాయప్ప గారిని ఈ విధానానికి రాష్ట్ర ప్రధాన శిక్షకుడిగా నియమిస్తున్నాము. ఎలా నేర్పకూడదో వీరే ఉపాధ్యాయులందరికీ నేర్పుతారు!"

జూన్ మొదటి వారంలో జిల్లా కేంద్రంలో మొదటి శిక్షణ పెట్టారు. హాల్లో మూడు వందల మంది టీచర్లు శవం లేచిన ఇంట్లో కూర్చున్నట్లు కూర్చున్నారు. చిదంబరరావు గారు జ్యోతి వెలిగించి, వేరే దేశానికి అధ్యయన యాత్ర ఉందని చెప్పి బయటికి నడిచారు. కుళ్లాయప్ప వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. సుద్దముక్క తీసి, బల్ల మీద నూట యాభైని పన్నెండుతో భాగించడం మొదలుపెట్టాడు.

"ముందు తల్లుల్ని పిలవండి," అన్నాడు. "పిలవచ్చని సర్క్యులర్ ఉండాది, నంబరు చెప్తా, రాసుకోండి. వాళ్లను వరండాలో కూర్చోబెట్టండి. గట్టిగా చెప్పండి."

"గట్టిగా అంటే ఎంత సార్?" అని ముందు వరసలో ఒకామె అడిగింది.

"కిటికీ లోపలికి వినిపించేంత."

హాల్లో గుసగుస పుట్టింది. ఒకరి తర్వాత ఒకరు నిటారుగా కూర్చున్నారు. వెనక నుంచి ఒకాయన లేచాడు.

"మా బడికి కిటికీల్లేవు సార్."

"తలుపు ఉంటుంది గదప్పా. అది మూయమని ఎవరూ అనలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు వరస నుంచి వరసకు పాకింది. మూడు వందల మంది పుస్తకాలు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. చిదంబరరావు గారు కళ్లజోడు మరిచిపోయి వెనక్కి వచ్చారు. బల్ల వైపు చూశారు. బల్ల మీద భాగహారం, శేషం దగ్గర ఆగి ఉంది.

"ఏమిటిది కుళ్లాయప్ప గారూ? శిక్షణ ఎంతవరకు వచ్చింది?"

కుళ్లాయప్ప ఆయన వైపు తిరగలేదు. హాలు వైపు తిరిగాడు.

"మీరే చూడండి సార్," అని, గొంతు పెంచి అడిగాడు. "శేషమెంతప్పా?"

మూడు వందల మంది టీచర్లు ఒక్కసారిగా పైకప్పు వైపు తలలెత్తారు.

"తెల్దు సార్!"